ఉప్పు మడిలో విత్తన శుద్ధి: ఐదేళ్లు వాడాక

ఐదేళ్లుగా వెద వరికి, అంటే నారు పోయకుండా నేరుగా విత్తే వరికి, విత్తనం నానబెట్టి, ఆరబెట్టి వేస్తున్నాను. మొలక దశలో ఉప్పును తట్టుకోవడానికి ఇది నిజంగా పనిచేస్తుంది. పూత మీద ఎండ దెబ్బకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

నేను ఎక్కువగా వాడింది కాల్షియం క్లోరైడ్. లీటరు మంచినీటికి 10 గ్రాములు కలిపి, రాత్రంతా విత్తనం నానబెడతాను. ముక్కు పగలకముందే తీసి, కడిగి, నీడలో పలచగా పరిచి, మొదటి బరువుకు వచ్చేదాకా ఆరబెడతాను. ఉప్పు నేలలో తేమ ఉన్నా గింజ దాన్ని తేలిగ్గా పీల్చుకోలేదు. పైగా సోడియం లోపలికి చేరి పొటాషియానికి అడ్డుపడుతుంది. ముందే మంచినీళ్లు తాగిన గింజ అయితే మొలకెత్తే పని కొంత ముగించుకునే నేలలో పడుతుంది. కాల్షియమేమో కణాల పొరలు దెబ్బతినకుండా కాస్తుంది.

ఏటా ఒక పక్కన నాలుగు సాళ్లు శుద్ధి చేయని విత్తనంతో వేస్తాను. అవి ఆలస్యంగా, మధ్యమధ్య ఖాళీలతో మొలుస్తాయి. ఆకుల కొనలు ముందు ఎండేదీ వాటిలోనే. ఈ తేడా నెల రోజులు బాగా తెలుస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. మీరూ అలా కొన్ని సాళ్లు వదలండి, లేకపోతే ఏది దేనివల్ల జరిగిందో తెలియదు.

రెండో ఏడు తెగుళ్లను అడ్డుకునే ట్రైకోడెర్మా పట్టించాను. శిలీంద్రనాశిని పట్టించిన విత్తనానికే, అదే రోజు. ఫలితం ఏమీ లేదు. ట్రైకోడెర్మా కూడా శిలీంద్రమే కదా, ఆ మందు దాన్నీ చంపుతుంది. ఇప్పుడు రెండింటిలో ఒకటే వాడుతున్నాను.

‘కోత దాకా ఎండను తట్టుకుంటుంది’ అని ప్యాకెట్ మీద రాసిన ఒక పొడిని కూడా రెండు సీజన్లు వాడాను. పూత సమయంలో 35 డిగ్రీలు దాటితే వరిలో పుప్పొడి దెబ్బతిని తాలు పెరుగుతుంది. మాకూ అదే జరిగింది, పొడి పట్టించిన సాళ్లలోనూ, పట్టించని సాళ్లలోనూ. చాలా బాధేసింది. విత్తే తేదీని ముందుకు జరిపి, పూత ఆ వేడిలో పడకుండా చూసుకున్నాకే తాలు తగ్గింది.

ఇంకొక జాగ్రత్త. నానబెట్టి ఆరబెట్టిన విత్తనం ఎక్కువకాలం నిల్వ ఉండదు. ఒకసారి వానల వల్ల విత్తడం నెల ఆలస్యమైతే మొలక బాగా పడిపోయింది. అప్పటి నుంచి దుక్కి సిద్ధమయ్యాకే విత్తనం నీళ్లలో వేస్తున్నాను.