సముద్రగర్భ పొగగొట్టాల కిట్: గొట్టం బాగా లేస్తుంది, పురుగుకు నోరెందుకు పెట్టారు?

సముద్రం అడుగున వేడినీరు పొగలా చిమ్మే గొట్టాలనూ, వాటి పక్కన బతికే పురుగులనూ నమూనాగా చూపించడానికి, స్కూలు సైన్స్ ఎగ్జిబిషన్ల కోసం తిరుపతిలో ల్యాబ్ సామాన్ల షాపులో దొరుకుతున్న కిట్ ఇది. ధర 650 రూపాయలు. సోడియం సిలికేట్ ద్రావణం 100 మి.లీ., మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పలుకులు, గాజు జాడీ, వెనక నిలబెట్టే అట్ట, దానిమీద అతికించే ప్లాస్టిక్ పురుగులు, చిన్న పుస్తకం ఉంటాయి.

గొట్టాలు లేవడం చూసి తీరాల్సిందే. సిలికేట్‌లో 400 మి.లీ. నీళ్లు కలిపి, కందిగింజంత పలుకులు దూరందూరంగా వేయాలి. పలుకు చుట్టూ పల్చటి పొర కడుతుంది. బయటి నీరు అందులోకి ఊరి, ఒత్తిడి పెరిగి పొర పైన పగులుతుంది. అక్కడినుంచి చిమ్మిన ద్రావణం చుట్టూ మళ్లీ పొర. అలా చూస్తుండగానే నీలం గొట్టం పైకి పాకుతుంది.

బోరునీళ్లు మాత్రం వద్దు. వాటిలోని కాల్షియం సిలికేట్‌తో కలిసి జాడీ పాలలా తెల్లబడుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరే వాడాలి. అన్నభేది లేత ఆకుపచ్చగా ఉన్న ప్యాకెట్ చూసి తీసుకోండి. గోధుమరంగు పొడిగా మారితే గొట్టం సరిగా రాదు. ఇంట్లో చేసి ఆటోలో తీసుకెళ్తే విరిగిపోతాయి, ఎగ్జిబిషన్ బల్ల మీదే మొదలుపెట్టాలి. ద్రావణం క్షారం, కిట్‌లో కళ్లద్దాలు లేవు, విడిగా కొనండి. జాడీ ఆరోజే కడగాలి.

అసలు లోపం పుస్తకంలో. సముద్రంలో ఆ గొట్టాల దగ్గరి బ్యాక్టీరియా 'వేడిని తిని' బతుకుతుందట! 1977లో పసిఫిక్‌లోని గాలపాగస్ దీవుల దగ్గర, 2,500 మీటర్ల లోతుకు ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగినవాళ్లు చూసిన జీవలోకానికి ఆధారం వేడి కాదు, కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్. దాన్ని ఆక్సీకరించగా వచ్చే శక్తితో, ఎండ సోకని చోట బ్యాక్టీరియా ఆహారం తయారు చేస్తుంది. అక్కడ బతికే రిఫ్టియా అనే గొట్టపు పురుగు రెండు మీటర్లు పెరిగినా నోరూ లేదు, పేగూ లేదు. ఒంట్లోని బ్యాక్టీరియాయే వండిపెడుతుంది. అలాంటిదానికి ఈ కిట్‌లో నల్ల పెయింటుతో నోరు గీశారు! పైగా అట్టమీద గొట్టం మూతి దగ్గరే అతికించమంటున్నారు. నిజం గొట్టం మూతి దగ్గర నీరు 350 డిగ్రీలు దాటుతుంది, ఒత్తిడి వల్లే మరగదు. పురుగులుండేది పక్కన, గోరువెచ్చటి నీళ్లలో. థిన్నర్‌తో నోరు చెరిపి, మొదలుకు పక్కగా అతికించండి.

జడ్జీలు అడిగేది ఒకటుంది: కిట్‌లో గొట్టాన్ని లేపేది ఊరిన నీరు, సముద్రంలో లోహాలు కరిగిన వేడినీరు చల్లటి నీటిని తాకగానే సల్ఫైడ్లు పేరుకుని గొట్టం కడతాయి. పిల్లలకు ఈ తేడా ముందే చెప్పాలి. అట్టమీద ఖాళీ మూలలో, 2024 డిసెంబరులో మన శాస్త్రవేత్తలు హిందూ మహాసముద్రంలో 4,500 మీటర్ల లోతున తీసిన పొగగొట్టం ఫొటో ప్రింట్ అతికించండి.