పాత స్విఫ్ట్‌తో ఆరున్నరేళ్లు: ఇచ్చిన ధర, పెట్టిన ఖర్చు

2019 జూన్‌లో హైదరాబాద్‌లో నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు మారుతి సుజుకి స్విఫ్ట్ విఎక్స్ఐ, పెట్రోలు బండి. 2014 డిసెంబరులో రిజిస్టరైన ఈ కారు నా చేతికి వచ్చేనాటికి 43,000 కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు రీడింగ్ 1,12,000 దాటింది. అమ్మినవారు ఒక రిటైర్డ్ మాస్టారు. ఆయన 4,40,000 చెప్పారు, బేరం 4,05,000 దగ్గర కుదిరింది. పాత కారు ధరను లెక్కగట్టేటప్పుడు, అమ్మేవారికి ఇచ్చే మొత్తానికి మొదటి మూడు నెలల్లో బండి మీద పెట్టక తప్పని ఖర్చును కూడా కలుపుకోవాలన్నది ఇన్నేళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం.

నేను బేరం ఆడింది కూడా ఆ లెక్కతోనే. టైరు పక్కన ముద్రించి ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ అది తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. ఆ కారు నాలుగు టైర్ల మీదా 2014 నాటి అంకెలే ఉన్నాయి. అరుగుదల తక్కువగానే కనిపించినా, ఐదేళ్ల రబ్బరుతో విజయవాడ హైవే మీద కుటుంబాన్ని తీసుకెళ్లడానికి నాకు మనసొప్పలేదు. క్లచ్ పెడల్ బాగా పైకి వచ్చాకగానీ బండి కదలడం లేదు కాబట్టి క్లచ్ ప్లేట్ కూడా త్వరలో మార్చాల్సిందేనని వెంట వచ్చిన మెకానిక్ చెప్పాడు. టైర్లు, క్లచ్, బ్యాటరీ, ముందు సస్పెన్షన్ బుష్‌లు, అన్ని ఆయిళ్ల మార్పు కలిపి 38,000 వరకు అవుతుందని కాగితం మీద రాసి మాస్టారుకు చూపించాను. ఆయన నొచ్చుకోలేదు సరికదా, సర్వీసు బిల్లులన్నీ వరుసగా కుట్టి ఉంచిన ఫైలు తెచ్చి, ఏది ఎప్పుడు మార్చారో చూపించి 35,000 తగ్గించారు. ఆ ఫైలు చూశాకే కొనాలని నిశ్చయించుకున్నాను.

అంతకు వారం ముందు పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఇదే మోడల్ కారును 4,25,000కు చూశాను. పాలిష్‌తో అద్దంలా మెరుస్తోంది, రీడింగ్ 31,000 అని ఉంది. కానీ బ్రేక్ పెడల్ రబ్బరు గీతలు పూర్తిగా అరిగిపోయాయి, స్టీరింగ్ నున్నబడింది, అంటే రీడింగ్ చెబుతున్నదానికంటే బాగా ఎక్కువే తిరిగిందనిపించింది. ఎడమవైపు వెనుక తలుపు రబ్బరు బీడింగ్ తీసి చూస్తే, కంపెనీ వేసిన వెల్డింగ్ చుక్కలు వరుసగా ఉండాల్సిన చోట టింకరింగ్ (సొట్టపడ్డ రేకును సరిచేయడం) చేసి పెయింటు పూసిన జాడ కనిపించింది, అంటే గట్టి దెబ్బే తగిలిందన్నమాట. అడిగితే చిన్న గీత పడిందన్నారు. ఆ ఒక్క మాటతో అక్కడి నుంచి వచ్చేశాను.

కాగితాల విషయంలో నాకు కాస్త ఆలస్యమైంది. మాస్టారు అప్పు ఎప్పుడో తీర్చినా ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉండిపోయింది. బ్యాంకు నుంచి బాకీ లేదని చెప్పే ఎన్‌వోసీ, ఫారం 35 తెచ్చి దాన్ని తొలగించాక, ఫారం 29, 30లతో బండి నా పేరుకు మారింది. పెండింగ్ చలాన్లు ఎన్ని ఉన్నాయో ముందే చూసుకుని వాటిని ఆయనతోనే కట్టించాను. ఇన్సూరెన్సులో ఆయనకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మనిషికి చెందుతుందే తప్ప బండితో పాటు రాదు కాబట్టి, పాలసీ నా పేరుకు మార్చేటప్పుడు ఆ తేడా నేను కట్టాను. తెలంగాణ బండి చవకగా దొరికిందని ఆంధ్రప్రదేశ్‌కు తీసుకెళ్లాలనుకునేవారు అక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సును కూడా ధరలో కలుపుకోవాలి.

ఇక రూపం సంగతి. ఈ రెండో తరం స్విఫ్ట్ మన దేశంలోకి 2011లో వచ్చింది, 2014 చివర్లో ముందు గ్రిల్, బంపర్ మార్చారు. ముందు అద్దానికి అటూ ఇటూ ఉన్న స్తంభాలకు నలుపు వేయడం వల్ల అద్దాలన్నీ కలిసిపోయి పైకప్పు తేలుతున్నట్టు కనబడుతుంది. 3,850 మిల్లీమీటర్ల ఈ చిన్న బండికి అంత నిండుతనం అందువల్లే వచ్చిందని నా నమ్మకం, నేటికీ పార్కింగులో దాన్ని ఒకసారి తిరిగి చూసుకుంటాను. అయితే కిటికీ గీత వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తుంది, వెనుక అద్దం చిన్నది. మా అమ్మగారు వెనుక కూర్చుంటే బయటేమీ కనిపించడం లేదంటారు, రివర్సు తీయడానికి నేను సెన్సార్లు పెట్టించుకోవాల్సి వచ్చింది. డిక్కీ 204 లీటర్లే కావడంతో సంక్రాంతికి ఊరెళ్తే ఒక సంచి ఎప్పుడూ ఒళ్లో ఉంటుంది. పాత బండికి పెద్ద చక్రాలు, నల్ల ఫిల్ములు, స్పాయిలర్లు తగిలించి ధర పెంచి అమ్ముతుంటారు. నా దృష్టిలో వాటికి రూపాయి కూడా ఎక్కువ ఇవ్వనక్కర్లేదు, పైగా అద్దాలకు ఫిల్ములు వేయకూడదని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది.

1,197 సీసీ ఇంజిను ఇప్పటికీ నిశ్శబ్దంగానే ఉంది. లోపలి వాల్వులను నడపడానికి రబ్బరు బెల్టు బదులు టైమింగ్ చైన్ ఉన్న ఇంజిను కాబట్టి బెల్టు మార్చే ఖర్చు లేదు. నగరంలో లీటరుకు 13 నుంచి 14, హైవే మీద 18 కిలోమీటర్లు ఇస్తోంది. నన్ను కలవరపెట్టేది భద్రత ఒక్కటే. నా బండికి ఎయిర్‌బ్యాగులు లేవు. ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌కు 2014లో కార్లను ఢీకొట్టించి భద్రతను చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో పెద్దల భద్రతకు ఒక్క స్టార్ కూడా రాలేదు. ఈ సంగతి తెలిశాక హైవే మీద 80 దాటడం మానేశాను, మళ్లీ పాత కారు కొంటే రెండు ఎయిర్‌బ్యాగులు లేనిది కొనను.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర దిగినప్పుడు పాతదాని ధర కూడా దిగాలి. విజయవాడలో మా బావమరిది చూసిన రెండేళ్ల బండికి మాత్రం పాత లెక్కనే చెప్పారు. కొత్తదాని ఆన్‌రోడ్ ధర రాయించుకుని దాని పక్కన పెట్టి బేరమాడమన్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన ఊరు కాబట్టి, సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో, స్టెప్నీ గుంటలో తుప్పు ఉందేమో కూడా చూడమన్నాను. బెల్టు అడుగున మరక కనిపించడంతో అతను ఆ బండిని వదిలేశాడు.

నా స్విఫ్ట్‌కు ఇప్పుడు 2,60,000 ఇస్తామంటున్నారు. రిజిస్ట్రేషన్ గడువు 2029 డిసెంబరు వరకు ఉంది; అంతదాకా ఊళ్లో తిరగడానికి దీన్నే ఉంచుకుంటాను, దూర ప్రయాణాలకు మాత్రం ఎయిర్‌బ్యాగులున్న బండి కోసం వెతుకుతున్నాను.