ఐదు సిలిండర్ల టర్బో డీజిల్: సుంకి ఘాటీలో ఏడేళ్లు

ఒడిశాలోని మా జయపురం నుంచి విశాఖపట్నం వెళ్లాలంటే కొరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి దాటి, సుంకి ఘాటీ దిగి సాలూరులో తేలాలి. వచ్చేటప్పుడు అదే ఘాటీని ఎక్కాలి. వ్యాపారం పనిమీద నెలకు రెండుసార్లయినా ఈ దారి పట్టక తప్పని నేను 2018లో 3.2 లీటర్ల ఐదు సిలిండర్ల టర్బో డీజిల్ బండి కొన్నాను. ఇప్పటికి 1,48,000 కిలోమీటర్లు తిరిగింది. బండి పేరుతో ఇక్కడ నిమిత్తం లేదు. సీట్లు, ఏసీ, తెర సంగతులు ఎవరైనా చెబుతారు. నేను రాయదలచింది ఇంజిన్ గురించి, అందులోనూ ముఖ్యంగా దాని ఆయిల్ పంపు గురించి.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. ఘాటీలో లోడు లారీ వెనక ఇరుక్కుని, మలుపు మధ్యలో అది దాదాపు ఆగిపోయినప్పుడు, మనమూ ఆగి మళ్లీ కదలవలసిన క్షణం ఒకటి ఉంటుంది. నా పాత నాలుగు సిలిండర్ల బండి అక్కడ ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో అందుకున్నాక గాని కదిలేది కాదు. ఈ ఇంజిన్‌కు 470 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం, 1750 ఆర్‌పీఎం (నిమిషానికి 1750 చుట్లు) దగ్గరే అందుతుందని కాగితం మీద అందరూ చదివే ఉంటారు. ఆ కాగితం చెప్పనిది దాని కింద జరుగుతుంది. నాలుగు సిలిండర్లలో క్రాంకు, అంటే పిస్టన్ల తోపుడుతో తిరిగే ఇరుసు, 180 డిగ్రీలు తిరిగితే గాని తరువాతి సిలిండరు మండదు, అప్పటికి మొదటిదాని తోపుడు దాదాపు అయిపోతుంది. ఐదింటిలో 144 డిగ్రీలకే తరువాతిది అందుకుంటుంది. ఒకే రోట్లో ఇద్దరు దంచేటప్పుడు ఒకరి రోకలి లేచీలేవకముందే ఇంకొకరి పోటు పడినట్టు, తోపుడుకూ తోపుడుకూ మధ్య ఖాళీ ఉండదు. అందుకే తక్కువ వేగంలో, ఎక్కుడులో, ఇది ఈడ్చినట్టు కాక మోసుకుపోయినట్టు ఎక్కుతుంది.

చప్పుడు కూడా వేరే. ఒకటి, రెండు, నాలుగు, అయిదు, మూడు అన్న వరుసలో మండే ఇంజిన్ నాలుగింటిలా ఒకే తాళంలో కొట్టదు, ఆరింటిలా మూలగదు. మా అబ్బాయి 1980ల నాటి ఆడి క్వాట్రో ర్యాలీ కార్ల చప్పుడును ఫోనులో వినిపించి మనదీ అదేనంటాడు. అది పెట్రోలు, ఇది డీజిల్, కాబట్టి తండ్రికీ కొడుక్కీ గొంతు కలిసినంత మాత్రమే కలుస్తుంది. అయినా సాలూరు వైపు నుంచి రెండో గేరులో ఎక్కుతూ, అద్దాలు దించి, కొండకు తగిలి తిరిగి వచ్చే ఆ చప్పుడును వినడం కోసమే నేను కొన్నిసార్లు పాటలు ఆపేస్తాను.

ఇక 2022 వానాకాలం సంగతి. అప్పటికి 96,000 కిలోమీటర్లు అయ్యాయి. వారంటీ తీరింది కనుక ఆయిల్ మార్చడానికి కంపెనీ సర్వీసు సెంటరు దాకా అంత దూరం ఎందుకని ఇక్కడే ఒక షెడ్డులో ఇచ్చాను. ఆ మెకానిక్‌కు జీపులు, లారీలు చేతిపని. శనివారం సాయంత్రం ఐదింటికి డ్రెయిన్ నట్టు విప్పాడు. కరెంటు పోయింది, వాన పట్టుకుంది. "రాత్రంతా కారనిద్దాం బాబూ, అడుగున ఉన్న మడ్డి కూడా దిగిపోతాది, చుక్క మిగలదు" అన్నాడు. నేను మురిసిపోయాను. గంటలో పని ముగించి పంపేసే చోట్లతో పోల్చి, ఎంత శ్రద్ధ అనుకుంటూ ఇంటికి నడిచాను.

పొద్దున ఏడింటికి వెళ్లేసరికి రంధ్రం అంచున ఒక్క నల్లని చుక్క వేలాడుతూ ఉంది, రాలడం లేదు. కింద కోసి పెట్టిన డబ్బాలో ఆయిలు అద్దంలా మెరుస్తోంది, అందులో ఒక రెక్కల పురుగు తేలుతోంది. కొత్త ఫిల్టరు వేసి, నట్టు బిగించి, ఇంచుమించు పది లీటర్లు పోశాడు. గేజి పుల్ల తీస్తే గీత దగ్గరకు సరిగ్గా ఉంది. స్టార్టు చేశాను, వెంటనే అందుకుంది. ఎర్రని ఆయిల్ దీపం మామూలుగా రెండు సెకన్లలో ఆరుతుంది. అయిదు సెకన్లయినా ఆరలేదు, పదయినా ఆరలేదు. ఈలోగా పైన టాపెట్ల చప్పుడు మొదలై, పొడి కంకరను రేకుల డబ్బాలో పోసి ఊపినట్టు పెరిగింది. ఆపేశాను. ఆయిలు నిండుగా ఉంది కదా, సెన్సారు పోయుంటుందని అతను అన్నాడు. ఆ మాట నమ్మి నేను రెండోసారి స్టార్టు చేశాను. మొదటిది తెలియక చేసినది, ఈ రెండోదానికి మాత్రం నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

సాలూరు లారీలకు పేరున్న ఊరు. అక్కడ నాకు తెలిసిన పెద్ద మేస్త్రి ఒకరున్నారు. ఫోను చేసి చెబుతుండగానే "ఇంక సెల్ఫ్ ముట్టుకోకండి" అని మధ్యాహ్నం బస్సుకు వచ్చేశారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఆయిలు ఎంత పోశారని కాదు, ఎంతసేపు ఖాళీగా ఉంచారని. పద్నాలుగు గంటలని చెప్పగానే తల పట్టుకున్నారు. "బావి నిండా నీళ్లున్నాయి బాబూ. పైనుంచి చెంబుడు నీళ్లు పోయకపోతే బోరింగు ఎత్తుతాదేటి?" అన్నారు. సంగతి అంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఈ ఇంజిన్‌లో అవసరాన్ని బట్టి ఆయిలు ప్రవాహాన్ని పెంచి తగ్గించే పంపు ఉంటుంది. దాని లోపలి సందులను మూసి ఉంచేది ఆయిలు పొరే. చాలాసేపు ఖాళీగా వదిలితే ఆ పొర జారిపోయి గాలి చేరుతుంది, ఆ తరువాత కింద ఎంత ఆయిలు ఉన్నా పంపు పీల్చుకోలేదు. అందుకే పాత ఆయిలు దించిన పది నిమిషాల లోపు కొత్తది పోయాలని ఈ ఇంజిన్ సర్వీసు సూచనల్లోనే ఉంటుంది. లారీ ఇంజిన్‌కు పుణ్యమైన పని దీనికి పాపమైంది.

మేస్త్రి ఫిల్టరు గూడు విప్పి, గేర్ ఆయిలు కొట్టే చేతి పంపుతో ఆ దారిలోనే వెనక్కి ఆయిలు ఎక్కించారు. పంపు పిడి మొదట తేలిగ్గా దిగింది, కొంతసేపటికి చేతికి ఎదురు తన్నడం మొదలుపెట్టింది. అంతవరకూ ఆగకుండా కొడుతూనే ఉన్నారు. తరువాత డీజిల్ అందకుండా చేసి, సెల్ఫ్ మాత్రం విడతలు విడతలుగా కొట్టించారు. నాలుగో విడతలో సెల్ఫ్ శబ్దం బరువెక్కింది, దీపం ఆరిపోయింది. షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. మరునాడు ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే ఛాంబర్ దించి బేరింగులు చూస్తే ఒకదాని మీద మాత్రం గోటికి తగిలీ తగలనంత గీతలు కనిపించాయి. దాన్ని మార్చి మూసేశారు. 500 కిలోమీటర్ల తరువాత ఫిల్టరు కోసి కాగితాన్ని విప్పితే, మడతల్లో వేలికి అంటుకునే వెండి పొడి ఉంది. ఆ తరువాతి ఫిల్టరులో అది లేదు.

కాబట్టి ఇంజిన్ బతికింది. అయితే టర్బో మాట అంత ధైర్యంగా చెప్పలేను. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే ఆ ఇరుసును పట్టి ఉంచేదీ ఆయిలు పొరే. ఆ సంఘటన తరువాత 2000 ఆర్‌పీఎం దగ్గర సన్నని ఈల ఒకటి మొదలై, 1,21,000 కిలోమీటర్ల దగ్గర టర్బో కోరు, అంటే దాని లోపల తిరిగే భాగం, మార్చవలసి వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందని నిరూపించలేను, లేదని నమ్మలేను. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు ఈ ఇంజిన్‌ను మన దగ్గర ఆపేశారు. అందుచేత ఆ కోరు కోసం పదహారు రోజులు బండి కప్పు కింద పడి ఉంది.

మిగిలిన రోగాలు ఈ ఇంజిన్ వాడేవారికి కొత్తవి కావు. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ గొట్టం ఒకసారి ఘాటీలోనే చీలి, బుస్సుమని నల్లపొగ కక్కి బలం పోయింది. అప్పటి నుంచి డిక్కీలో ఒక గొట్టం, రెండు క్లిప్పులు ఉంచుతున్నాను. 1,35,000 దగ్గర కూలెంటు తగ్గుతూ వచ్చింది, కింద తడి మాత్రం లేదు. పొద్దున స్టార్టు చేయగానే తెల్లని పొగ కనిపించింది. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పోయే దారి ఈజీఆర్, ఆ పొగను చల్లార్చే ఈజీఆర్ కూలర్ లోపల చిల్లు పడింది. రోజూ నీళ్లు పోసుకుంటూ తిరిగేవారిని చూశాను, అలా తిరగడం వల్ల ఆ నీరు సిలిండర్లలోకి చేరే ప్రమాదం ఉంది.

బండి కొన్న కొత్తలో అసలు అదురే లేదని కనబడినవారికల్లా చెప్పాను. అది నడుస్తున్నప్పటి మాట. ఐదు సిలిండర్లు బేసి సంఖ్య కావడం వల్ల ఇంజిన్ ముందు కొసా వెనక కొసా తూగుటుయ్యాలలా ఊగాలని చూస్తుంది, దాన్ని మౌంటింగులు మింగుతాయి. మౌంటింగులు పాతబడ్డాక ఇప్పుడు బండి నిలిపి ఉంచితే, గ్లాసులోని టీ మీద చిన్న వలయాలు కనిపిస్తాయి. మైలేజీ గురించి కూడా కొత్తలో గొప్పగానే రాసుకున్నాను. విజయనగరం వైపు చదును రోడ్డులో 11 వస్తుంది, ఘాటీ కలిస్తే 9 దాటదు.

ఇప్పుడు ఆయిలు నా కళ్లముందే మారుతుంది. రెండు డబ్బాల మూతలు ముందే తీసి, గరాటు పెట్టి, ఫోనులో గడియారం నడిపించి, ఆ తరువాతే నట్టు విప్పనిస్తాను. మడ్డి కొంచెం మిగిలితే మిగలనీ. అదే షెడ్డు, అదే మెకానిక్. తప్పు అతనొక్కడిదే కాదు కనుక చోటు మార్చలేదు.

ఇలాంటిదే పాత బండి ఒకటి చవకగా వస్తోందని మొన్న బరంపురం నుంచి మా బావమరిది ఫోను చేశాడు. అతని తిరుగుడంతా ఊళ్లోనే, రోజుకు ఎనిమిది కిలోమీటర్లు, ఇంజిన్ వేడెక్కేలోపే దుకాణం వస్తుంది. అలాంటి నడకలో ఈజీఆర్‌లో మసి పేరుకోవడం తప్ప ఈ ఐదో సిలిండరుకు పనేమీ ఉండదు. అతనికి వద్దన్నాను. మరి నువ్వెందుకు అమ్మవని అడిగాడు. సుంకి ఘాటీ మా దారిలో ఉన్నంతకాలం, మేస్త్రి సాలూరులో ఉన్నంతకాలం, నేను అమ్మను.