ముదురు రాతి ఫైర్‌ప్లేస్‌కు సున్నపు పూత: కొన్ని చలికాలాల తరువాత

ముదురు రంగు రాతి ఫైర్‌ప్లేస్‌కు సున్నపు పూత వేయించాలా వద్దా అని అడిగేవారికి నేను ముందుగా చెప్పేది దాని అందం గురించి కాదు. మరక పడిన చోటే, పడినంత మేరకే, మన చేత్తో మనమే మళ్ళీ పూసుకోగలగడం ఈ పూతలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం. గదిలోకి వెలుగు వస్తుందని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ తెల్లరంగు ఏది వేసినా వెలుగు వస్తుంది. కట్టెలు కాల్చే ఇంట్లో మసి పట్టిన తరువాత ఆ గోడ ఏమవుతుందన్నది మాత్రం కొన్ని చలికాలాలు గడిస్తే తప్ప తెలియదు. మేము 2020 శరదృతువులో పూత వేయించాం. అప్పటి నుంచి ఏటా నవంబరు మొదలు మార్చి దాకా, ఎక్కువగా శని, ఆదివారాల్లో, ఆ పొయ్యిలో మంట వేస్తూనే ఉన్నాం.

మాది డెట్రాయిట్ శివార్లలో 1970లలో కట్టిన ఇల్లు. హాలులో ఒక గోడంతా, నేల నుంచి పైకప్పు దాకా, ఇక్కడి పొలాల్లో దొరికే రాళ్ళతో కట్టిన ఫైర్‌ప్లేసే. ఒకప్పుడు హిమానీనదాలు ఉత్తరం నుంచి ఈడ్చుకొచ్చి వదిలిపెట్టిన రాళ్ళు కావడం వల్ల ఒకే గోడలో గ్రానైటూ, బసాల్టూ, అక్కడక్కడ ఇసుకరాయీ కలిసి ఉంటాయి. వాటి మీద దశాబ్దాల మసి చేరి అన్నీ ఒకే నలుపులోకి తిరిగాయి. హాలు ఉత్తరం వైపు ఉండటంతో డిసెంబరులో మధ్యాహ్నం మూడు గంటలకే దీపం వేయవలసి వచ్చేది. గోడ కూల్చి కొత్తగా కట్టించడం మా స్తోమతకు మించిన పని. రాళ్ళ మీద పలుచని కొత్త పలకలు అతికించే పద్ధతి మాకు నచ్చలేదు. ఇక మిగిలినవి రెండే, ఆక్రిలిక్ పెయింటు, సున్నం.

పెయింటు వద్దనుకోవడానికి కారణం తేమ. మా పొగగొట్టం ఇంటి బయటి గోడను ఆనుకుని ఉంది. వాన నీరూ మంచు కరిగిన నీరూ కొంత ఆ రాతికట్టుబడిలోకి దిగి, ఇంటి లోపలి వైపు నుంచి కూడా ఆవిరిగా బయటపడాలి. రాతి మీద పొరలా పరుచుకునే పెయింటు ఆ దారిని మూసేస్తుంది, అప్పుడు తేమ పొర వెనక చేరి పొక్కులు లేపుతుంది. సున్నం అలా పొర కట్టదు. నీటిలో కలిపిన సున్నం రాతి రంధ్రాల్లోకి దిగి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, మెల్లగా మళ్ళీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. మా సొంత ప్రాంతం పల్నాడు. పిడుగురాళ్ళ బట్టీల్లో రాయిని కాల్చి సున్నం చేయడం చూసి పెరిగినదాన్ని కాబట్టి, సున్నం గోడ మీద ఆరి మళ్ళీ రాయవుతుందన్న మాట నాకు కొత్తగా అనిపించలేదు. ఫోన్లో సంగతి చెబితే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "గోడ తడిపిస్తున్నారా లేదా అమ్మాయ్? పొడిగోడ నీళ్ళన్నీ తాగేస్తుంది, సున్నం పొడిగా రాలిపోతుంది" అని. డబ్బా మీది సూచనల్లోనూ అదే ఉంది. సున్నం గట్టిపడటానికి కొంత తేమ ఉండాలి. గోడ ఆ నీటిని ఒక్కసారిగా లాగేస్తే పూత గట్టిపడకుండానే ఎండిపోతుంది.

పూత వేసిన తొలి నెలల్లో ఇంటికి వచ్చినవారందరికీ ఇది చూపించి పొగిడాను. ఆ పొగడ్తలో ఎంత నిలిచిందో తరువాత రాస్తాను. ముందు ఒక సంక్రాంతి నాటి సంగతి చెప్పాలి.

ఆ పండుగకు ముందు వేసవిలో పాత కిటికీలు తీయించి, గాలి చొరబడని కొత్త కిటికీలు బిగించారు. జనవరిలో పండుగ నాడు బంధువులూ స్నేహితులూ వచ్చారు. వంటింట్లో గారెలు వేయిస్తున్నారు, నూనె పొగ నిలవకూడదని ఎగ్జాస్ట్ ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతోంది. హాలులో పొద్దున వేసిన మంట తగ్గి నిప్పుల దశకు వచ్చింది. బయట చలి సున్నాకు చాలా కింద. ఉన్నట్టుండి పొగ గొట్టంలోకి ఎక్కడం మానేసి, మంట మండే గూటి పై అంచు మీదుగా హాలులోకి మళ్ళింది. పొగ అలారం మోగింది, కాసేపటికి కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా అందుకుంది. పిల్లలను చలికోట్లతో సహా బయటికి పంపి, ఫ్యాను ఆపి, తలుపులన్నీ బార్లా తెరిచాం. ఎవరికీ ఏమీ కాలేదు. గోడ మీద మాత్రం గూటి పై అంచు నుంచి దాని పైన అల్మారాలా బిగించే చెక్క (మ్యాంటెల్) అడుగు దాకా, మనిషి రెండు చేతులూ చాచినంత వెడల్పున, నల్లటి మసి పరుచుకుంది.

పొగగొట్టాలు శుభ్రం చేసే నిపుణుడు వచ్చి చూసి కారణం విడమరచి చెప్పాడు. ఫ్యాను ఇంట్లోని గాలిని బయటికి తోస్తున్నప్పుడు అంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి. పాత కిటికీల సందుల్లోంచి వచ్చే ఆ గాలికి కొత్త కిటికీలతో దారి మూసుకుపోయింది, ఇక మిగిలిన పెద్ద తోవ పొగగొట్టమే. మంట బాగా మండుతున్నంతసేపూ వేడిగాలి పైకి లాగుతుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. నిప్పుల దశలో ఆ లాగుడు తగ్గుతుంది. పైగా మాది బయటి గోడ పొగగొట్టం, త్వరగా చల్లబడుతుంది. చల్లబడిన బరువైన గాలి కిందికి దిగుతూ పొగను వెంట తెచ్చింది. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వచ్చేది కూడా ఆ నిప్పుల దశలోనే. అప్పటి నుంచి మంట ఉన్నంతసేపూ ఫైర్‌ప్లేస్ దగ్గరి కిటికీ వేలెడంత తెరిచి ఉంచుతున్నాం, నిప్పులు పూర్తిగా ఆరేదాకా ఎగ్జాస్ట్ ఫ్యాను పెద్ద వేగంతో వేయడం లేదు.

ఇక మసి. పూత వేసిన పనివాళ్ళను పిలిస్తే గోడ మొత్తం మళ్ళీ వేయాలన్నారు, మొదటిసారి తీసుకున్న దానికి దాదాపు సమానమైన ధర చెప్పారు. ఆ మాటకు నాకు బాధ కలిగింది, ఎందుకంటే మచ్చ పడింది గోడలో చిన్న భాగమే. సున్నపు గోడకు మచ్చ పడిన మేరకు వెల్ల వేసుకోవడం మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చూసినదే, ఇక్కడ మాత్రం ఎందుకు కుదరదని నాకు నేనే పూనుకున్నాను.

మొదట తెలుసుకోవలసింది, మసిని నీళ్ళతో కడగకూడదు. తడి తగిలితే అది నల్లనీరై రాతి రంధ్రాల్లోకి దిగిపోతుంది. మసి కోసమే అమ్మే పొడి రబ్బరు స్పాంజితో పై నుంచి కిందికి, రుద్దకుండా, ఒత్తి లాగుతూ తీశాను. ఒక ముఖం నల్లబడగానే కత్తితో ఆ పొరను చెక్కేస్తే లోపల శుభ్రమైన స్పాంజి వస్తుంది. సగానికి పైగా మసి అలాగే పోయింది. తరువాత నీళ్ళు స్ప్రే చేసి రాళ్ళు తడిపి, డబ్బాలో మిగిలి ఉన్న సున్నాన్ని బాగా కలిపి, పాలలా పలుచన చేసి, వెడల్పు కుంచెతో వేశాను. సున్నం చర్మాన్నీ కళ్ళనూ కాలుస్తుంది కాబట్టి చేతి తొడుగులూ కళ్ళద్దాలూ తప్పనిసరి.

వేసిన వెంటనే చూస్తే ఏమీ పూయనట్టే ఉంది. తడి సున్నం దాదాపు పారదర్శకంగా ఉంటుంది, కింద ఉన్న మచ్చంతా అలాగే కనిపిస్తుంది. ఆ రాత్రి నిరాశతోనే పడుకున్నాను. తెల్లవారి చూసేసరికి మచ్చ బూడిదరంగు నీడగా మారింది. మరోసారి పలుచగా పూసి, అంచుల్లో తడిగుడ్డతో అద్ది, పాత పూతలోకి కలిపేశాను. అది ఆరాక కొత్త భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తుపట్టలేకపోయాను. మెరుపు లేని పూత కావడం, రాయికి రాయికి మధ్య కొంత హెచ్చుతగ్గులు మొదటి నుంచీ ఉండటం ఇందుకు తోడ్పడ్డాయి. పెయింటు వేసిన గోడలో ఇలా ఒక్క చోటే పూస్తే అతుకు వేసినట్టు తెలిసిపోతుంది, మెరుపులో తేడా దాగదు. ఖర్చు అంటారా, ఒక స్పాంజి ధర, ఒక ఆదివారం.

అయితే ఇక్కడొక మినహాయింపు చెప్పాలి. గూటి కుడి మూల పైన, కట్టెల పొగ నుంచి పేరుకునే క్రియోసోట్ ఏళ్ళ తరబడి చేరిన చోట, పసుపు కలిసిన గోధుమరంగు మరక పూత పైకి మళ్ళీ మళ్ళీ తేలుతోంది. అది పొడి మసి కాదు, జిడ్డుతో కూడిన తారు. నీటితో కలిపిన సున్నం దాన్ని కప్పలేదు. మరక ఆపే ప్రైమరు వేయవచ్చు కానీ, అది రంధ్రాలను మూసేస్తుంది కనుక ఆ చోట సున్నం పట్టదు. అందుకే దాన్ని అలాగే వదిలేశాం.

మొదట్లో నేను పొగిడిన వాటిలో మరికొన్నిటిని కూడా ఇప్పుడు తగ్గించుకోవాలి. గోడంతా ఒకే తెలుపు నిలుస్తుందని చెప్పాను, నిలవలేదు. పగలగొట్టిన గరుకు ముఖం ఉన్న గ్రానైటు మీదా, ఇసుకరాయి మీదా, రాళ్ళ మధ్య దర్జుల మీదా పూత ఈనాటికీ గట్టిగా ఉంది. నున్నటి బసాల్టు రాళ్ళ మీద మాత్రం మొదటి రెండు చలికాలాల్లోనే రేగిపోయి, కింది నలుపు బయటపడింది. సున్నం పట్టాలంటే రాయి నీటిని పీల్చాలి. గోడ మీద నాలుగు నీటి చుక్కలు చల్లి చూడటమే దీనికి పరీక్ష. చుక్క ఇంకితే పూత నిలుస్తుంది, ముత్యంలా నిలబడితే ఆ రాయి నున్ననిదైనా అయి ఉండాలి, దాని మీద నీరు ఇంకకుండా వేసిన పాత సీలరైనా ఉండాలి. నున్నటి రాళ్ళకు మళ్ళీ పూయడం మానేశాం. ఇప్పుడవి తెల్లగోడలో అక్కడక్కడ నల్లగా కనిపిస్తాయి. మావారికి అది నచ్చింది, నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. రుద్దుకుంటే బట్టలకు తెల్లపొడి అంటడం కూడా ముందున్న రాతి అరుగు దగ్గర పూర్తిగా పోలేదు. పిల్లలు ఆ అరుగు మీదే కూర్చుంటారు కాబట్టి దాని మీది పూతను గీకేయించి మామూలు రాయిగానే ఉంచాం. మంట మండే గూటి లోపల ఎలాగూ ఈ పూత వేయకూడదు.

మ్యాంటెల్ గురించి క్లుప్తంగా. పాత దూలం నల్లటి వార్నిషుతో, గూటికి మరీ దగ్గరగా ఉండేది. దాన్ని తీయించి లేతరంగు ఓక్ పలక పైకి జరిపి బిగించాం. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే గృహనిర్మాణ నియమావళి (IRC) ప్రకారం ఇటుక, రాతి ఫైర్‌ప్లేస్‌లో గూటి అంచు నుంచి 6 అంగుళాల లోపు చెక్క ఉండకూడదు. 12 అంగుళాల లోపు ఉన్న చెక్క, ప్రతి అంగుళం దూరానికి అంగుళంలో ఎనిమిదో వంతుకు మించి ముందుకు పొడుచుకు రాకూడదు. అంటే 8 అంగుళాల దూరంలో ఉన్న చెక్కకు ఒక్క అంగుళమే అనుమతి. వస్తువులు పెట్టుకునేంత వెడల్పు కావాలంటే పలక 12 అంగుళాలు దాటి పైన ఉండవలసిందే. స్థానికంగా ఇంకా కఠినమైన నియమాలు ఉండవచ్చు కాబట్టి అనుమతులిచ్చే కార్యాలయంలో అడగడం మంచిది.

అలంకరణలో మాకు తెలిసివచ్చినది ఇది. కొండపల్లి బొమ్మలు తేలికైన పొణికి చెక్కతో, చింతగింజల ముద్దతో అతికి చేసినవి. చలికాలపు పొడిగాలికి తోడు మంట వేడి తగిలితే అతుకులు వదులవుతాయి. మా దశావతారాల సెట్టులో వామనుడి గొడుగు అలాగే ఊడింది. ఏటికొప్పాక బొమ్మల మీది లక్క వేడికి మెత్తబడుతుంది. అందుకే చెక్క బొమ్మలు మంట వేసే నెలల్లో ఎదుటి గోడ అల్మారాలోకి వెళ్తాయి, ఏప్రిల్‌లో తిరిగి మ్యాంటెల్ మీదికి వస్తాయి. ఆ మధ్యకాలంలో అక్కడ ఉండేవి పెంబర్తి ఇత్తడి పళ్ళెం, రెండు కుందులు. తెల్లగోడ ముందు బొమ్మల రంగులు విప్పారి కనిపిస్తాయి కానీ, ఇత్తడి మాత్రం పాత నల్లరాయి ముందే ఎక్కువ మెరిసేదని ఒప్పుకోవాలి.

ఇన్ని చెప్పాక కూడా మళ్ళీ అవకాశం వస్తే సున్నమే వేయిస్తాను. మా గోడలో ఎక్కువ భాగం గరుకు రాయి, మేము కట్టెలు కాలుస్తాం, మరక పడితే కుంచె పట్టుకోవడానికి నాకు ఓపిక ఉంది. గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉన్నవారికి మసి బెడద చాలా తక్కువ, నేను ఇంతగా మెచ్చుకున్న గుణం వారికి పెద్దగా అక్కరకు రాకపోవచ్చు. నున్నటి నదీరాళ్ళో, సీలరు వేసిన పలకలో ఉన్నవారికి దీన్ని సిఫారసు చేయలేను. త్వరలో ఇల్లు అమ్మాలనుకునేవారు కూడా ఆలోచించుకోవాలి. వేసిన తొలి రోజుల్లో పూతను కడిగి వదిలించుకోవచ్చు కానీ, గట్టిపడ్డాక మునుపటి రాయిని తిరిగి తేవడం పెద్ద పని. ఏది వేయించినా అంతకుముందు పొగగొట్టం తనిఖీ చేయించండి. అమెరికాలోని అగ్నిరక్షణ సంఘం (NFPA) ప్రమాణం 211 ఏడాదికి ఒకసారైనా చేయించమంటుంది. పూత పూర్తయ్యాక మిగిలిన సున్నాన్ని పారేయకండి. గాలి తగలకుండా, పైన కొద్దిగా నీరు నిలిచేలా మూత బిగించి నేలమాళిగలో పెట్టుకుంటే, చలికి గడ్డకట్టనంత వరకు అది ఏళ్ళ తరబడి పనికొస్తుంది. మా డబ్బాలో ఇంకా సగం ఉంది.