మెదక్ చర్చి క్రిస్మస్ లైవ్: వాక్యం మీద ప్రకటన

అమ్మకి మోకాళ్ళ నొప్పి, ఈసారి మెదక్ వెళ్ళలేకపోయాం, అందుకని తెల్లవారుజాము ఆరాధన ఒక తెలుగు న్యూస్ ఛానల్ లైవ్‌లో చూశాం. చాలా బాధేసింది. పాస్టరు గారు లూకా సువార్త రెండో అధ్యాయం చదువుతున్నారు, గొర్రెల కాపరులకి దూత కనబడే చోటు, సరిగ్గా అప్పుడే బొమ్మ చిన్నదైపోయి పక్కనా కిందా నగల షాపు ఆఫర్ వచ్చింది, తరుగు మీద తగ్గింపు అంటూ. పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డ గురించి వింటున్నాం, ఒక్క నిమిషం ఆగలేరా? అమ్మ ఏమీ అనలేదు, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

యాంకరమ్మ కేకుల గురించి, శాంటా టోపీల గురించి, ఏ హీరో ఇంట్లో పండగ ఎలా జరిగిందో అన్నీ చెప్పింది. ఆ చర్చి కథ మాత్రం ఒక్క ముక్క లేదు. కరువు రోజుల్లో జనానికి పని, పనికి తిండి దొరకాలని బ్రిటిష్ మిషనరీ పోస్నెట్ గారు కట్టించిన మందిరం అది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. ఆకలి తీర్చిన కట్టడాన్ని చూపిస్తూ బంగారం అమ్మడం నాకు మింగుడు పడట్లేదు.

ప్రకటనలు లేకపోతే ఛానల్ నడవదు, తెలుసు. ఆరాధనకి ముందో తర్వాతో వేసుకోండి, వాక్యం చదివేటప్పుడు మాత్రం వద్దు.

క్వాయర్ సౌండ్ బాగుంది. తెల్లారాక రంగు అద్దాల కిటికీలో యేసు జననం బొమ్మ మెల్లగా వెలిగే షాట్ చాలాసేపు ఉంచారు, రెండు స్టార్లు దానికే. వచ్చే ఏడాది కారు మాట్లాడుకుని అమ్మని తీసుకెళ్తాను.