బీపీ మందులు, గట్టిపడే రక్తనాళాలు: జంతువుల్లో ఏది మేలు?

నిఫెడిపిన్, కాప్టోప్రిల్, ప్రొప్రనొలాల్. మూడూ బీపీ మందులే. రక్తనాళాల్లో పూడికను ఆపడంలో ఏది మేలని అడిగితే, ఏ జంతువులో అని నేను ఎదురు అడుగుతాను.

కుందేలు గడ్డి తిని బతికే జీవి. దాని మేతలో కొలెస్ట్రాల్ కలిపి పెడితే కొన్ని వారాల్లోనే బృహద్ధమని లోపలి గోడకు కొవ్వు పట్టేస్తుంది. తర్వాత ఆ నాళాన్ని నిలువునా కోసి, చాపలా పరిచి, సుడాన్ రంగు వేస్తారు. కొవ్వు ఉన్న చోటల్లా ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ఎంత మేర పరుచుకుందో కొలుస్తారు. 1981లో అచ్చైన ఒక ప్రయోగంలో మందు వేయని కుందేళ్లలో అది 40 శాతం దాకా ఉంటే, నిఫెడిపిన్ వేసినవాటిలో 17 శాతమే. రక్తంలో కొలెస్ట్రాల్ మాత్రం తగ్గలేదు! కణాల్లోకి కాల్షియం పోకుండా ఆపే మందు నాళం గోడను నేరుగా కాపాడుతోందని ఆశ పుట్టింది.

జపాన్ వతనబే కుందేళ్ల దగ్గర ఆ ఆశ సన్నగిల్లింది. చెడ్డ కొలెస్ట్రాల్‌ను రక్తంలోంచి లాగేసే ఏర్పాటు వీటికి పుట్టుకతోనే పాడై ఉంటుంది, మామూలు మేత వేసినా పూడిక తప్పదు. వీటిలో నిఫెడిపిన్ పని చేయలేదు. 1990లో కాప్టోప్రిల్ పని చేసింది. ఎలుకలకు యాంజియోటెన్సిన్ (నాళాలను బిగించి బీపీ పెంచే హార్మోన్) ఎక్కిస్తే పూడిక పెరుగుతుందని తర్వాత తేలింది. కాప్టోప్రిల్ అడ్డుకునేది దాని తయారీనే. అందుకే నా మార్కులు దీనికే ఎక్కువ.

ప్రొప్రనొలాల్ కథ వేరు. అమెరికాలో కొవ్వు మేత పెట్టిన కోతుల గుంపుల్లో సభ్యులను మాటిమాటికీ మార్చారు. పెత్తనం నిలబెట్టుకోవడానికి తంటాలు పడే మగకోతుల గుండె నాళాల్లో పూడిక ఎక్కువైంది. ప్రొప్రనొలాల్ ఇస్తే వాటిలోనే బాగా తగ్గింది (1987). అంటే టెన్షన్ పడే కోతికే ఆ మందు అక్కరకొచ్చిందన్నమాట.

మరి మనుషుల్లో? 2000లో వచ్చిన ఒక పరీక్షలో నిఫెడిపిన్ జాతికే చెందిన ఆమ్లోడిపిన్ మెడ నాళం గోడ మందమవడాన్ని నెమ్మదింపజేసింది కానీ, గుండె నాళాల్లో తేడా చూపలేదు. 2002లో ఫలితాలొచ్చిన, 33 వేల మందికి పైగా పాల్గొన్న ఆల్‌హాట్ అనే బీపీ మందుల పరీక్షలో ఆమ్లోడిపిన్, కాప్టోప్రిల్ జాతి లిసినోప్రిల్, చౌకగా దొరికే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే క్లోర్తాలిడోన్ మూడూ గుండెపోటు విషయంలో సమానంగా నిలిచాయి. పై కుందేళ్ల, కోతుల ప్రయోగాల్లో ఈ క్లోర్తాలిడోన్ ఊసే లేదు.

కాబట్టి మాత్ర ఎంపికలో డాక్టరు కుందేళ్లను తలచుకోరు. ఆమ్లోడిపిన్‌తో కాళ్ల చీలమండలు వాచాయా, లిసినోప్రిల్‌తో పొడిదగ్గు పట్టుకుందా, షుగరో కిడ్నీ జబ్బో ఉందా అని చూస్తారు.