హోల్మ్ తీరంలో బయటపడిన ఓక్ వలయం: కింగ్స్ లిన్, హన్‌స్టంటన్ యాత్ర

ఇంగ్లండ్ తూర్పు తీరంలోని నార్‌ఫోక్ ప్రాంతానికి సీహెంజ్‌ను చూడాలని బయలుదేరేవారు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. 1998లో హోల్మ్-నెక్స్ట్-ద-సీ గ్రామపు తీరంలో, అలలు ఇసుకను కోసుకుపోగా బయటపడిన ఆ కంచుయుగపు కొయ్య వలయం ఇప్పుడు అక్కడ లేదు. పురావస్తు శాస్త్రజ్ఞులు 1999లో దానిని తవ్వి తీసి, ఏళ్ల తరబడి శుద్ధి చేయించారు. 2008 నుంచి అది కింగ్స్ లిన్ పట్టణంలోని లిన్ మ్యూజియంలో ఉంది. దొరికిన చోటు ఒకటి, చూడవలసిన చోటు మరొకటి కావడంతో చాలామంది నేరుగా తీరానికే వెళ్లి, ఏమీ కనబడక వెనుదిరుగుతారు. మేము మ్యూజియం ముందు, తీరం తరువాత అనే వరుసను ఎంచుకున్నాము. ఎవరు అడిగినా అదే వరుస చెబుతాను.

లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి కేంబ్రిడ్జ్, ఈలీ పట్టణాల మీదుగా కింగ్స్ లిన్‌కు రైలు నేరుగా వెళుతుంది. ప్రయాణం రెండు గంటలలోపే. లిన్ మ్యూజియం బస్ స్టేషన్ పక్కనే, ఒకప్పుడు ప్రార్థనా మందిరంగా ఉన్న పాత భవనంలో నడుస్తోంది. చిన్న మ్యూజియం, పెద్ద హంగులు లేవు. సిబ్బంది మాత్రం అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపికగా, విషయం తెలిసినవారిలా సమాధానమిచ్చారు. లండన్‌లోని పెద్ద మ్యూజియాల రద్దీలో ఒక వస్తువు ముందు నిలబడి తీరికగా చూడడం సాధ్యం కాదు. ఇక్కడ ఎంతసేపు నిలబడినా తొందరపెట్టేవారు లేరు.

వలయంలో 55 ఓక్ దుంగలు ఉండేవి. 6.6 మీటర్ల వెడల్పున, నడుమ సందు లేకుండా, ఒకదానినొకటి ఆనుకొని నిలబెట్టిన ఆ దుంగలలో చాలావరకు నిలువునా రెండుగా చీల్చినవే. బెరడు ఉన్న వైపు బయటకు, చీల్చిన వైపు లోపలికి ఉండేలా వాటిని పాతారు. బయటి నుంచి చూసేవారికి మొత్తం కట్టడం ఒకే మహావృక్షపు మానులా కనిపించి ఉండాలని పరిశోధకులు భావిస్తున్నారు. కొమ్మ చీలిన ఒక దుంగ పంగ గుండా మనిషి ఒదిగి లోపలికి వెళ్లేందుకు ఇరుకైన దారి వదిలారు. వలయం మధ్యలో సుమారు రెండున్నర టన్నుల ఓక్ మొద్దును తలకిందులుగా, వేళ్లు ఆకాశం వైపు ఉండేలా పాతిపెట్టారు. దానిని లాక్కువచ్చేందుకు వాడిన హనీసకుల్ తీగల మోకు కూడా మొద్దు కిందనే దొరికింది. నాలుగు వేల సంవత్సరాల నాటి మోకు ముడితో సహా నిలిచి ఉండడం నన్ను మొద్దుకన్నా ఎక్కువగా ఆశ్చర్యపరిచింది.

దుంగల అడుగు భాగాలను వంగి దగ్గరగా చూడాలి. నల్లబడిన కొయ్య మీద గొడ్డలి గాట్లు వరుసగా, లోతు తక్కువ గల దొప్పల్లా కనిపిస్తాయి. అంచుల వంపు, వెడల్పు ఒక గాటుకూ మరొక గాటుకూ ఒకేలా ఉండవు. ఆ తేడాలను కొలిచి, కనీసం 50 వేరువేరు కంచు గొడ్డళ్లు ఈ పనిలో వాడారని పరిశోధకులు తేల్చారు. బ్రిటన్‌లో కంచు పనిముట్లు అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్న రోజులలో అన్ని గొడ్డళ్లు ఒకచోట చేరాయంటే, ఇది ఒక కుటుంబం చేసుకున్న పని కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి తలపెట్టిన కార్యం. మానులో ఏటా ఏర్పడే వలయాల లెక్కకు కార్బన్ పరీక్షను జోడించి, కట్టడానికి వాడిన చెట్లను క్రీ.పూ. 2049 వసంతంలోనో వేసవి తొలిరోజులలోనో నరికారని నిర్ధారించారు. చరిత్రకు ముందటి కట్టడానికి ఋతువుతో సహా కాలం తెలియడం అరుదు. ఎందుకు కట్టారన్నది మాత్రం తేలలేదు. శవాన్ని మధ్య మొద్దు వేళ్ల మీద పడుకోబెట్టి ప్రకృతికి వదిలేవారని కొందరంటారు. కఠినమైన చలికాలాల తరువాత వేసవిని నిలిపి ఉంచమని కోరే క్రతువు కోసమని అబర్డీన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు డేవిడ్ నాన్స్ 2024లో ప్రతిపాదించారు. రెండూ ఊహలే కనుక, వాటికన్నా ఆ గొడ్డలి గాట్లే నాకు ఎక్కువ చెప్పాయి.

తవ్వి తీయడం అప్పట్లో పెద్ద వివాదమైంది. ప్రాచీన బ్రిటన్ ప్రకృతి ఆరాధనను అనుసరిస్తామనే డ్రూయిడ్ విశ్వాసులు, స్థానికులలో కొందరు వలయాన్ని ఉన్నచోటనే వదిలేయాలని పట్టుబట్టారు. కాలనిర్ణయం కోసం మధ్య మొద్దు నుంచి యంత్రపు రంపంతో ఒక ముక్క కోయడం వారి మనసులను మరింత గాయపరిచింది. వారి బాధను తేలికగా కొట్టివేయలేను. అయినా తీయడమే సరైన పని అని నా దృఢాభిప్రాయం. గాలి చొరబడని తడి పీట్ మట్టిలో, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న నల్లమట్టిలో, ఉన్నంతకాలం ఆ కొయ్య చెక్కుచెదరలేదు. ఇసుక తొలగి అలలకు ఎదురు నిలిచిన వెంటనే, కొయ్యను తొలిచే సముద్రజీవులు దానిలో చేరడం మొదలైంది. ఇదే తీరంలో దగ్గరలో బయటపడిన రెండవ వలయాన్ని తీయకుండా సముద్రానికే వదిలేశారు. దానికి వాడిన చెట్లను కూడా క్రీ.పూ. 2049లోనే నరికారని తరువాత తేలింది. అప్పటికే దాని నడుమ ఉన్న రెండు దుంగలు కొట్టుకుపోయాయి. మొదటిదానికీ అదే గతి పట్టి ఉంటే మనకు మిగిలేవి ఛాయాచిత్రాలు మాత్రమే.

బసకు మేము హన్‌స్టంటన్‌ను ఎంచుకున్నాము. ఆ ఊరికి రైలు 1969లోనే ఆగిపోయింది కనుక లిన్ నుంచి బస్సే ఆధారం. 36వ నంబరు బస్సు హన్‌స్టంటన్ మీదుగా హోల్మ్ వైపు వెళుతుంది. మా బస్సు బాగా ఆలస్యమైంది. ఆటుపోట్ల వేళను బట్టి తిరిగేవారు ఈ జాప్యానికి చోటుంచుకోవాలి. వసతిగృహం శుభ్రంగా ఉంది, యజమానురాలు మర్యాదస్తురాలు. సముద్రం కనిపిస్తుందని ప్రకటించిన గది కిటికీ మాత్రం వాహనాలు నిలిపే స్థలం వైపు తెరుచుకుంది. దానికి అదనపు రుసుము తీసుకోవడం న్యాయం కాదని మర్యాదగానే చెప్పి వచ్చాము. శాకాహారులకు ఉదయం రొట్టె, పుట్టగొడుగులు, చిక్కుడు గింజలు దొరుకుతాయి. రాత్రి భోజనానికి చెప్పుకోదగ్గ ఎంపిక లేదు, లిన్‌లోనే తిని రావడం మేలు. అయితే ఎరుపు, తెలుపు చారలతో నిలువుగా నిలిచిన ఇక్కడి కొండచరియలు చూసి తీరవలసినవి. తూర్పు ఇంగ్లండ్‌లో ఉన్నా ఈ తీరం పడమటి ముఖంగా ఉండడం వల్ల, సముద్రంలోకి దిగే సూర్యుణ్ణి ఇక్కడ చూడవచ్చు.

హోల్మ్ తీరానికి బస్సు దిగిన చోటి నుంచి కొంత దూరం నడవాలి. వలయం ఉన్న చోట గుర్తు ఏదీ మాకు కనబడలేదు. కానీ పోటు తీసిన వేళ, ఇసుక పలచబడిన చోట్ల నల్లటి పీట్ పలకలు బయటపడతాయి. వాటిలో వేళ్లు, పుల్లలు ఇరుక్కొని ఉంటాయి. చెట్లు నరికిన నాడు ఇది సముద్రతీరం కాదు, ఇసుక దిబ్బల చాటున ఉన్న చిత్తడి నేల. తరువాత పీట్ పేరుకొని వలయాన్ని కప్పింది. ఆపైన సముద్రం లోపలికి జరుగుతూ దిబ్బలను తన ముందు తోసుకుంటూ వచ్చి, చివరికి ఆ కప్పునే కోసివేసింది. మ్యూజియంలో చదివిన ఈ క్రమమంతా పీట్ అంచు దగ్గర నిలబడినప్పుడు కళ్లకు కట్టింది. ఆ పలకల మీద నడవకూడదు, ముక్కలు విరచి తీసుకోకూడదు. పిల్లలతో వెళ్లేవారు ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లాలి. తీరం చదునుగా ఉండడం వల్ల పోటు వేగంగా చుట్టుముడుతుంది. ఒంటరిగా దూరం పోవద్దు.

ఒక్క పగలే తీరిక ఉన్నవారు లిన్ మ్యూజియంతో సరిపెట్టుకోవచ్చు. నడక కష్టమైన పెద్దలకూ అదే తగినది. పీటర్‌బరో వైపు నుంచి వచ్చేవారు, ఈ దుంగలను మొదట శుద్ధికి తీసుకెళ్లిన ఫ్లాగ్ ఫెన్ అనే పురావస్తు స్థలాన్ని కూడా కలుపుకుంటే, కంచుయుగపు కొయ్యను ఇంకా తడి ఆరని స్థితిలో చూడవచ్చు. రాత్రి బస చేయదలచినవారు గది మాట్లాడుకోవడానికి ముందే ఆటుపోట్ల పట్టిక చూడాలి. పగటి వేళ నీరు బాగా వెనక్కి తీసే రోజులు ఏవో తెలుసుకొని, ఆ తేదీలకే గది తీసుకోవాలి.